రేవులో టోపీ: ఏనుగుల దుప్పట్లు, డచ్చివాడి కొవ్వొత్తి, తీసేసిన ఒక బటన్

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, గోల్కొండ ఏనుగులన్నిటికీ దుప్పట్లు కప్పేశాను. నా దగ్గర లక్ష వరహాలు ఉన్నాయి. ఇంకేం కొనాలో తెలియట్లేదు."

వాడు ఆడుతున్నది నేను మూడేళ్ళుగా ఆఫీసు అయ్యాక కూర్చుని కడుతున్న ఆట. మొత్తం 83 ఏళ్ళు తెలివిగా వ్యాపారం చేసినవాడికి చివర్లో 30 వేల వరహాలు మిగిలితే గొప్ప అనుకుని లెక్కలు వేశాను. వాడికి పదేళ్ళలోనే లక్ష వచ్చింది. లాప్‌టాప్ తెరిచి కూర్చుంటే రెండింటి దాకా నిద్ర లేదు.

ఆట పేరు "రేవులో టోపీ". 1605 నుంచి 1687 వరకు బందరు రేవులో జరుగుతుంది. 1605 ఎందుకంటే డచ్చివాళ్ళు ఆ ఏడే బందరులో అడుగు పెట్టారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకోవడంతో కుతుబ్‌షాహీల పాలన అయిపోయింది. ఒక్కో టర్న్ మూడు నెలలు, మొత్తం 332 టర్న్‌లు. పేరు విషయంలో నేను ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. ఐరోపావాళ్ళని మనవాళ్ళు టోపీవాళ్ళు అనేవారు. టోపీ పెట్టడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రేవులో అందరూ ఒకరికొకరు అదే పెట్టుకుంటుంటారు, ఆట మొత్తం అదే.

ఇప్పుడు ఏనుగుల సంగతి. ఇంగ్లీషు కంపెనీకి మొదటి నుంచీ ఒక తలనొప్పి ఉండేది. వాళ్ళ దేశంలో తయారయ్యే సరుకుల్లో ముఖ్యమైనది ఉన్నిబట్ట. దాన్ని ఇక్కడికి తెస్తే ఈ ఎండల్లో కట్టుకునేదెవరు? కొంత గుడారాలకి, గుర్రపు జీనులకి, ఏనుగుల మీద కప్పడానికి పోయేది. మిగతాది గోదాములో ఉండేది. అందుకే వాళ్ళు వెండీ బంగారం మోసుకుని రావలసి వచ్చింది. ఈ సంగతి చదివినప్పుడే ఇది ఆటలో ఉండి తీరాలనుకున్నాను. నడివేసవిలో ఇంగ్లీషు ఓడ వస్తుంది, దాని నిండా ఉన్ని, ఊళ్ళో కొనేది ఒక్క ఏనుగుల శాల. నవ్వు దానంతటదే వస్తుంది.

పొరపాటు నా కోడ్‌లో ఉంది. ఆటలో ప్రతి రేవులో ప్రతి సరుక్కీ ఒక మామూలు నిల్వ ఉంటుంది. నిల్వ సగానికి పడిపోతే ధర ఒకటిన్నర రెట్లు అవుతుంది, రెట్టింపైతే మూడింట రెండు వంతులకి దిగుతుంది. బియ్యం, మిరియాలు లాంటివి ఎలాగూ ఖర్చయిపోతాయి కాబట్టి ప్రతి టర్న్‌లో అవసరం మళ్ళీ మొదటికి వస్తుంది. ఏనుగుల శాలకి కూడా అదే లైను కాపీ చేశాను. అంటే మూడు నెలలకోసారి ప్రతి ఏనుగుకీ కొత్త దుప్పటి కావాలి, పాతదాని ఊసే లేదు. ఆటలో 200 ఏనుగులు ఉన్నాయి. తమ్ముడు పదేళ్ళలో ఒక్కో ఏనుగుకి 40 దుప్పట్ల చొప్పున 8 వేలు అమ్మేశాడు. ధర ఒక్క కాసు కూడా తగ్గలేదు.

బగ్ సరిచేయడం పది నిమిషాల పని: ఒక దుప్పటి ఐదేళ్ళు వస్తుంది, అంతే. కానీ మా తమ్ముడు నవ్వుతూ చెప్పిన మాట వదలబుద్ధి కాలేదు. "ఆ ఏనుగులకి సన్మానం చేసినట్టుంది అన్నయ్యా." మర్నాడే ఒక కొత్త కార్డు రాశాను. ఇంగ్లీషు ఫ్యాక్టర్, అంటే రేవులో కంపెనీ తరఫున వ్యాపారం చూసేవాడు, మొదటిసారి ఉన్ని అమ్మగలిగినప్పుడు సభ జరుగుతుంది. ఏనుగుకి శాలువా కప్పుతారు, మెళ్ళో దండ వేస్తారు, ఫ్యాక్టర్ ప్రసంగం మొదలుపెడతాడు. ప్రసంగం ఎంతకీ అవదు. ఏనుగు దండ తినేస్తుంది. ఆ కార్డు చూసి నవ్వనివాళ్ళు ఇప్పటిదాకా నాకు కనపడలేదు.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం వేరే ఉంది. దేశాల మూసల మీద నవ్వించే ఆట అని చెప్పగానే చాలామంది రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. "ఎవరికీ కోపం రాదా?" అని కొందరు, "కోపం వస్తుందని భయపడి చప్పగా చేస్తున్నావా?" అని కొందరు. నేను పడిన పాట్లు చెబితేనే ఇద్దరికీ జవాబు దొరుకుతుంది.

మొదటి వెర్షన్ నిజంగానే బాగుండలేదు. డచ్చివాడు పిసినారి, కాబట్టి ఖర్చులో పది శాతం తగ్గింపు. ఇంగ్లీషువాడు గర్విష్ఠి, కాబట్టి బేరంలో పది శాతం నష్టం. ఫ్రెంచివాడు సోకులరాయుడు. పోర్చుగీసువాడు చేతిలో శిలువ పట్టుకుని అరుస్తుంటాడు. ఇలా తలకొక గుణం, గుణానికొక అంకె. మావయ్యకి చూపించాను. ఆయన హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. అరగంట ఆడి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏరా, ఇంతేనా?"

"కామెడీ ఆట కదా మావయ్యా. మీకు నవ్వు రాలేదా?"

"మొదటి పావుగంట వచ్చింది. తరవాత వాడు ఏం మాట్లాడతాడో నాకు ముందే తెలిసిపోతోంది. ఇంక ఎందుకు ఆడాలి? సరే గానీ, 1611లో బందరుకి వచ్చిన మొదటి ఇంగ్లీషు ఓడ మీద వ్యాపారం చూసిన పెద్దమనిషి ఏ దేశంవాడు?"

"ఇంగ్లీషువాడే కదండీ."

"వెళ్ళి చదువు. చదివాక మాట్లాడదాం."

చదివాను. ఆ ఓడ పేరు గ్లోబ్. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్ ఇంగ్లీషువాడే. కానీ వ్యాపారమంతా చూసిన ఇద్దరు, పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతూనిస్, అచ్చమైన డచ్చివాళ్ళు. అంతకుముందు డచ్చి కంపెనీలో పనిచేసి, ఆ అనుభవంతో ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి వచ్చినవాళ్ళు. ఇక తమిళ తీరంలోని తరంగంబాడిలో 1620లో స్థావరం పెట్టిన, డెన్మార్క్ దేశస్థులైన డేన్‌ల వైపు చూస్తే, వాళ్ళ వ్యవహారాలు నడిపిన రోలాండ్ క్రాపే కూడా డచ్చివాడే. డచ్చి ఓడల్లో చూస్తే జర్మన్లు, స్కాండినేవియావాళ్ళు బోలెడుమంది. అంటే జెండా ఒకటి, దాని కింద ఉన్న మనుషులు ఇంకొకరు. ఇంగ్లీషు ఓడకి గర్వం పేరు చెప్పి పది శాతం కోసేశాను. ఆ కోత ఇద్దరు డచ్చివాళ్ళ నెత్తిన పడుతోంది!

నవ్వొచ్చింది. అప్పటిదాకా నా ఆటలో నేను రాసిన ఏ జోకుకీ నాకు అంత నవ్వు రాలేదు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో ఒక ప్రశ్న రాసుకున్నాను: "డచ్చివాడు పిసినారి అని మొదట అన్నదెవరు?" వెతుక్కుంటూ పోతే సంగతి తేలికగానే తేలింది. ఇంగ్లీషు భాషలో డచ్ అనే మాటతో మొదలయ్యే ఎగతాళి నుడికారాలు బోలెడున్నాయి. 1652కీ 1674కీ మధ్య ఆ రెండు దేశాలూ మూడు యుద్ధాలు చేసుకున్నాయి. ఒకే సముద్రం, ఒకే మిరియం, ఒకే లవంగం కోసం కొట్లాడుకున్నవాళ్ళు ఒకరి గురించి ఒకరు మంచిమాటలు ఎందుకు రాసుకుంటారు? మూస అనేది పోటీదారుడు రాసిన ఉత్తరం. అలా అర్థమయ్యాక ఆట నిర్మాణమే మారిపోయింది.

అంకెలన్నీ తీసేశాను. ఇప్పుడు ఆటలో ఏ దేశానికీ పుట్టుగుణం లేదు. మూసలన్నీ ఉత్తరాల్లో వస్తాయి. ఒక్కో ఉత్తరం కింద రాసినవాడి పేరు, వాడికి నీ వల్ల పోయిన సొమ్మెంతో కూడా కనిపిస్తాయి. నువ్వు డచ్చివాడిగా ఆడుతూ ఇంగ్లీషువాడి మిరియాల బేరం చెడగొట్టావనుకో, మూడు నెలల తరవాత వాడు లండన్‌కి రాసిన ఉత్తరం నీ చేతికి చిక్కుతుంది: "ఒలందులు కొవ్వొత్తి సగం కాలగానే ఆర్పేస్తారు. మిగిలిన సగాన్ని ఆదాయం కింద రాసుకుంటారు." నువ్వు ఇంగ్లీషువాడివైతే డచ్చివాడి ఉత్తరం దొరుకుతుంది: "ఇంగ్లీషు ఓడలో కంపెనీ సరుకు ఏ మూల ఉందో దీపం పెట్టి వెతకాలి. మిగతాదంతా కెప్టెన్‌గారిది, ఆయన బావమరిదిది." ఇవన్నీ నేను కల్పించిన ఉత్తరాలే. కానీ వాటి వెనక ఉన్న లెక్క కల్పన కాదు.

డచ్చి కొవ్వొత్తి కోసం నేను పడిన శ్రమ ఇంకే కార్డుకీ పడలేదు. ఉత్తరం చదివిన ఆటగాడు నవ్వి వదిలేయకుండా, తన ఖాతా పుస్తకం తెరిచి చూసేలా చేయాలనుకున్నాను. తెరిస్తే నిజంగానే కొవ్వొత్తుల పద్దు ఉంటుంది, సగం కొవ్వొత్తి నిల్వలో ఉంటుంది. ఎందుకంటే డచ్చివాడిగా ఆడితే ఏడాదికోసారి లెక్కలు జావాలో డచ్చి కంపెనీ ముఖ్య కేంద్రమైన బటావియాకి పంపాలి. అక్కడి నుంచి అవి ఆమ్‌స్టర్‌డామ్‌కి, పదిహేడు మంది డైరెక్టర్ల ముందుకి వెళతాయి. పద్దు తేడా వస్తే నీ జీతంలోంచి పట్టుకుంటారు. నాలుగైదు టర్న్‌లు అలా ఆడాక ఆటగాడు తనంతట తానే కొవ్వొత్తి ఆర్పడం మొదలుపెడతాడు. నేను చెప్పక్కర్లేదు. మా తమ్ముడు రెండోసారి డచ్చివాడిగా ఆడినప్పుడు, గోదాములో ఎలుకలు కొరికిన బట్టని కూడా ముక్కలు చేసి అమ్మాడు. "వాడు పిసినారి కాదన్నయ్యా, వాడికి పైన టెన్షన్ ఎక్కువ" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా మూడేళ్ళ కష్టం మర్చిపోయాను.

ఇంగ్లీషువాడిది దీనికి తిరగబడిన కథ. 1670ల్లో వాళ్ళ కంపెనీలో రైటర్‌గా, అంటే గుమాస్తాగా, చేరినవాడికి ఏడాదికి జీతం 10 పౌండ్లు. దాంతో ఎవడు బతుకుతాడు? ఆసియా రేవుల మధ్య సొంత వ్యాపారం చేసుకోవడం మామూలైపోయింది. కాబట్టి ఆటలో ఇంగ్లీషువాడికి రెండు సంచులు ఉంటాయి, ఒకటి కంపెనీది, ఒకటి సొంతది. తుఫానులో ఓడ బరువు తగ్గించాల్సి వచ్చినప్పుడు ఏ సంచి సముద్రంలో పారేస్తావని ఆట అడుగుతుంది. ఇంతవరకు ఆడిచూసిన పదకొండు మందీ కంపెనీ సంచే పారేశారు.

డేన్‌ల కథ ఇంకా ఇష్టం నాకు. 1639 తరవాత దాదాపు 29 ఏళ్ళు డెన్మార్క్ నుంచి తరంగంబాడికి ఒక్క ఓడ కూడా రాలేదు. అక్కడ ఉన్నవాళ్ళు జ్వరాలతో, ముసలితనంతో ఒక్కొక్కరే పోయారు. ఎస్కిల్డ్ అండర్సన్ కాంగ్స్‌బాకే అనే ఆయన మిగిలి, స్థానికుల సాయంతో కోటని కాపాడుకుంటూ వచ్చాడు. 1669లో ఓడ వచ్చింది. నా ఆట లెక్కలో 29 ఏళ్ళంటే 116 టర్న్‌లు. మొదట ఇది ఆటగా పనికిరాదేమో అనుకున్నాను. 116 సార్లు "ఓడ రాలేదు" అని చదవమంటే ఎవరు చదువుతారు? కానీ ఆ వాక్యం ప్రతిసారీ కొంచెం మారుతుంది. ఓడ రాలేదు. ఓడ రాలేదు, కానీ దూరంగా ఒకటి కనపడింది, అది చేపల పడవ. ఓడ రాలేదు, మీ టోపీ చెదలు పట్టింది. ఓడ రాలేదు, పక్కింటివాళ్ళు సంబంధం చూస్తామంటున్నారు. ఈలోగా ఆటగాడికి స్వదేశం నుంచి చిల్లిగవ్వ రాదు కాబట్టి చిన్న పడవలతో రేవు నుంచి రేవుకి బియ్యం, ఉప్పు, బట్ట తిప్పుకుంటూ బతకాలి. ఆటలో అన్నిటికంటే కష్టమైన దారి ఇదే. ఎక్కువమంది రెండోసారి ఎంచుకుంటున్నదీ ఇదే.

పోర్చుగీసువాళ్ళ గురించి క్లుప్తంగా చెబుతాను. అందరికంటే ముందు వచ్చారు. సముద్రం మీద తిరగాలంటే మా పాసు కొనుక్కోండి అన్నారు. అందుకని ఆటలో ప్రతిదానికీ వాళ్ళు పాసు అడుగుతారు, కొంగని కూడా అడుగుతారు. మన కథ మొదలయ్యేసరికి వాళ్ళ పొద్దు వాలుతోంది. వాళ్ళు ఒక్కో రేవు పోగొట్టుకున్నప్పుడల్లా తెలుగులో ఒక మాట వదిలి వెళతారు: బాల్చీ, అలమర, మేస్త్రి, పాదిరి. ఆ మాట ఆటలో వస్తువుగా నీ గోదాములో చేరుతుంది. ఫ్రెంచివాళ్ళు 1669లో వస్తారు. వాళ్ళ కంపెనీ రాజుగారి ఆజ్ఞతో పుట్టింది కాబట్టి ఓడ దిగడానికే మర్యాదలతో ఒక టర్న్ పడుతుంది. వాళ్ళ కార్డులు ఇంకా పదును పెట్టాలి.

ఆటలో గట్టి ప్రత్యర్థి మాత్రం టోపీవాడు కాదు, మీర్ జుమ్లా. పర్షియా నుంచి వజ్రాల వ్యాపారి దగ్గర పనివాడిగా వచ్చి, గోల్కొండలో మంత్రి దాకా ఎదిగి, సొంత ఓడలు నడిపినవాడు. ఆయన కార్డు తెర మీదకి వస్తే అప్పటిదాకా ఒకరినొకరు తిట్టుకుంటున్న డచ్చివాడూ ఇంగ్లీషువాడూ కలిసి కూర్చుని ఒకే కొవ్వొత్తి వెలుగులో ఉత్తరం రాస్తారు. సగం కాలాక ఆర్పేది ఎవరో ఊహించవచ్చు.

అందరినీ అని, మనల్ని వదిలేస్తే న్యాయం కాదు. ఆటలో దుబాసీ ఉన్నాడు. రెండు భాషలు తెలిసినవాడు, కాబట్టి బేరంలో అసలు యజమాని వాడే. టోపీవాడు పది వాక్యాలు తిడితే "దొరగారు ఆలోచిస్తామంటున్నారు" అని ఒక్క వాక్యంలో తేలుస్తాడు. మన వర్తకుడు ముహూర్తం లేకుండా ఓడ కదలనివ్వడు. టోపీవాళ్ళ ఉత్తరాల నిండా దీని మీద ఫిర్యాదులే. కానీ లెక్కలో చూస్తే ముహూర్తం కోసం ఆగిన ఓడలో నావికుల ధైర్యం పెరుగుతుంది, మధ్యలో దిగిపోయేవాళ్ళు తగ్గుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బందరు రేవులో తుఫాను భయం ఎక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకి దూరంగా నిలబడాలి, కుట్టుపడవల్లో సరుకు చేరవేయాలి. ఆ నెలల్లో పంతులుగారు అస్సలు ముహూర్తం ఇవ్వరు. ఆటగాడు తిట్టుకుంటూ ఆగుతాడు, పక్క రేవులో తొందరపడినవాడి ఓడ మునిగిపోతుంది.

ఒక్కటి మాత్రం పెట్టలేదు. కులాల మీద మనకి సామెతలు చాలా ఉన్నాయి, వ్యాపారం చేసే కులాల మీద మరీను. వాటిల్లో నాలుగు కలిపితే జనం గట్టిగా నవ్వుతారని ఇద్దరు స్నేహితులు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. 400 ఏళ్ళ నాటి డచ్చి గుమాస్తాని ఏమన్నా వాడికి ఈరోజు నష్టం లేదు. సామెతల్లో ఉన్నవాళ్ళు మన పక్క బల్ల దగ్గర కూర్చుని ఇదే ఆట ఆడతారు. చిన్నప్పుడు ఆ సామెతలు క్లాసులో వినపడినప్పుడు తల దించుకున్న స్నేహితుడు నాకు ఒకడున్నాడు.

సరుకుల్లో బట్ట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది లేకపోతే బందరు లేదు. జావా, మలుకు దీవుల్లో మిరియం, లవంగం, జాజికాయ కొనడానికి ఐరోపావాళ్ళ డబ్బు కంటే మన తీరపు బట్ట బాగా చెల్లేది. ముందు ఇక్కడికి వచ్చి బట్ట కొని, అటు వెళ్ళి మసాలాలు కొని, ఇంటికి తిరిగి పోవాలి. మొదట్లో నా ఆటలో "బట్ట" అని ఒకే సరుకు ఉండేది. అమ్మితే డబ్బు, అంతే. తరవాత ఒక కలంకారీ పనివాడి దగ్గర రెండు రోజులు కూర్చున్నాక దాన్ని విడగొట్టక తప్పలేదు. తెల్లబట్టని కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడిపి ఆరేస్తారు. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వారాల తరబడి నానబెడతారు. దాన్ని కసిమి అంటారు. కుండలో చూస్తే కసిమి నల్లగా ఉండదు. కలంతో బట్ట మీద గీత గీయగానే కరక్కాయ తగిలి అక్కడికక్కడ నల్లబడుతుంది. ఆ గీత రంగు మారే క్షణాన్ని తెర మీద చూపించడానికి నాకు రెండు నెలలు పట్టింది. బొమ్మలు గీసే స్నేహితురాలు పద్నాలుగు సార్లు మార్చింది. ఎరుపుకి పటిక పూసి చిరివేరుతో ఉడికించాలి. నిజాంపట్నం వైపు నేలల్లో పెరిగిన చిరివేరుకి అప్పట్లో గొప్ప పేరు. అందుకే ఆటలో ఆ వేరు దొరికిన ఏడాది ఎర్రబట్ట ధర చూసుకుని అందరూ పరుగెడతారు.

జోకు ఇక్కడా ఉంది. డచ్చి ఫ్యాక్టర్ తులిప్ పువ్వు వేయమని ఉత్తరంలో వర్ణిస్తాడు. పనివాడు జన్మలో తులిప్ చూడలేదు. "గిన్నెలా ఉంటుంది, మూయీ మూయనట్టు ఉంటుంది, ఎర్రగా ఉంటుంది" అన్న దుబాసీ మాట పట్టుకుని అరటిపువ్వు వేస్తాడు. ఫ్యాక్టర్ నెత్తి కొట్టుకుంటాడు. ఆ బట్ట జావాలో రెట్టింపు ధరకి పోతుంది, మరుసటి ఏడు అదే వేయమని ఉత్తరం వస్తుంది.

ఇక బటన్ సంగతి. రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయాలి. పాత వెర్షన్‌లో డచ్చివాడికి ఒక బటన్ ఉండేది, "జాజికాయ మనదే" అని. నొక్కితే బాకా మోగేది, మలుకు వైపు ఉన్న బాండా దీవులన్నీ నారింజ రంగుకి మారేవి, ధర మూడింతలయ్యేది. ఆడినవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. అప్పుడు ప్రపంచం మొత్తంలో జాజికాయ పండేది ఆ కాసిన్ని దీవుల్లోనే అని నాకు తెలుసు. ఆ దీవుల్లో రన్ అనే చిన్నదాని మీద ఇంగ్లీషువాళ్ళు హక్కు వదులుకుని, 1667 సంధిలో మన్‌హాటన్‌ని తమ దగ్గరే ఉంచుకున్నారని తెలుసు. దాని మీద ఒక కార్డు కూడా రాసి ఉంచాను. 1621లో ఏం జరిగిందో మాత్రం సరిగ్గా చదవలేదు. డచ్చి కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జోన్ కూన్ సైన్యంతో వెళ్ళాడు. దీవుల జనాభా దాదాపు 15 వేలు అంటారు. చంపబడినవాళ్ళు, ఆకలితో పోయినవాళ్ళు, బానిసలుగా తరలించబడినవాళ్ళు, పారిపోయినవాళ్ళు పోగా అక్కడ మిగిలింది చాలా కొద్దిమంది. తరవాత తోటలు బానిసల చేత సాగు చేయించారు.

చదివిన రోజు ఆఫీసులో పని మీద ధ్యాస నిలవలేదు. ఇంటికి వచ్చి మొదట బాకా తీసేశాను. తరవాత బటన్ తీసేశాను. ఇప్పుడు 1621 రెండో టర్న్‌లో, నువ్వు ఏ దేశంవాడివైనా సరే, పాట ఆగిపోతుంది. జాజికాయ ధర పెరిగిందని పట్టికలో కనిపిస్తుంది. దాని పక్కన రెండు వాక్యాల్లో ఏం జరిగిందో ఉంటుంది. ఎవరి ఉత్తరమూ కాదు, ఎవరి వెటకారమూ లేదు. ఆటగాడు అది చదివి తానే తరవాతి టర్న్ నొక్కుకోవాలి. ఒక టెస్టర్‌కి ఇది నచ్చలేదు. నవ్వుతున్నవాడి మొహాన నీళ్ళు కొట్టినట్టుందన్నాడు. అలాగే ఉండాలని చెప్పాను.

మనుషుల అమ్మకం దగ్గర ఇంకా ఎక్కువ తర్జనభర్జన పడ్డాను. కరువు వచ్చినప్పుడల్లా డచ్చివాళ్ళు ఈ తీరం నుంచి, ముఖ్యంగా పులికాట్ నుంచి, మనుషుల్ని కొని బటావియా వైపు తీసుకుపోయారు. సరుకుల పట్టికలో బట్ట, మిరియం మధ్య ఆ వరస పెట్టడం నా వల్ల కాలేదు. పెట్టకుండా ఉంటే ఆ కాలం గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. చివరికి ఇలా చేశాను. కరువు ఏడాది రాగానే రేవులో ఒక ఓడ నిలబడి ఉంటుంది, మనుషులు ఎక్కుతుంటారు. ఆ టర్న్‌లో కొనడం, అమ్మడం ఏదీ పనిచేయదు. ఒక్క పనే చేయగలవు: నీ గోదాములో బియ్యం ఉంటే కొన్న ధరకే ఇవ్వడం. ఎంత ఇస్తే ఓడ ఎక్కేవాళ్ళ వరస అంత పొట్టిదవుతుంది. లాభం ఏమీ రాదు, మార్కులూ రావు. మావయ్య ఆ టర్న్‌లో గోదాము మొత్తం ఖాళీ చేసి, తరవాత ఆరు టర్న్‌లు అప్పుల్లో తిరిగారు. ఆడినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

మా ఆఫీసు ప్రాజెక్టులో డచ్చి సహోద్యోగి ఒకాయన ఉన్నారు. కార్డులన్నీ ఆయనకి వీడియో కాల్‌లో అనువదించి చెప్పాను. కొవ్వొత్తికి హాయిగా నవ్వారు. "మా ఇళ్ళల్లో కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి వెంటనే డబ్బా మూత పెట్టేస్తారని మా మీద మేమే జోకులేసుకుంటాం, అది కూడా పెట్టు" అన్నారు. పెట్టాను, ఓడ బిస్కెట్టుగా మార్చి. 1621 టర్న్ చూపించినప్పుడు కాసేపు ఆగి, "దీన్ని ఇలాగే ఉంచు" అన్నారు.

ప్రస్తుతం డేన్‌ల దారికి ముగింపు రాస్తున్నాను. 116 టర్న్‌లు కాచుకున్నవాడికి 1669లో నిజంగా ఓడ కనిపించాలి, ఈసారి అది చేపల పడవ కాకూడదు. తెరచాప పైకి వచ్చే బొమ్మ అయిపోయింది. దానికి సంగీతం వద్దనుకున్నాం, అలల చప్పుడు ఒక్కటే. ఓడలోంచి దిగిన కుర్ర అధికారి కోపెన్‌హాగెన్ నుంచి తెచ్చిన ఉత్తరం చేతికిస్తాడు. అందులో ఏం ఉండాలన్న దాని మీద ఇప్పటికి తొమ్మిది చిత్తు ప్రతులు రాశాను. నిన్న రాత్రి రాసినదాన్లో కంపెనీవారు క్షేమసమాచారాలు అడిగి, పోయిన మూడు నెలల ఖర్చుల పద్దు వెంటనే పంపమన్నారు. ఆటగాడి ముందు రెండు బటన్లు ఉంటాయి. ఒకటి "పద్దు రాయి". రెండోది "ముందు ఆ కుర్రాడికి భోజనం పెట్టు". తమ్ముడికి పంపాను, ఇంకా ఫోన్ రాలేదు.